చీటీ తీయని ఇళ్ళు

ఇళ్ళు కట్టించే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. "అమ్మా, మీ అనుభవం చెప్పండి" అంటారు. సిమెంటులో ఇసుక ఎంత కలపాలో చెబుతానని వాళ్ళ ఆశ. అది ఇప్పుడు ఫోనులోనే దొరుకుతుంది. ఫోనులో దొరకనిది ఒకటుంది, అది చెబుతాను. వినడానికి బాగుండదు, ఆ మాట ముందే అనేస్తున్నాను.

మాది మెదక్ వైపు. చర్చికి పోయే కుటుంబం. పెళ్ళయ్యాక నాంపల్లికి వచ్చి, స్టేషను దగ్గర కూలీల అడ్డా మీద నిలబడ్డాను. ఇటుకలు మోశాను, సిమెంటు మాలు కలిపాను, గోడ కట్టడం చూసి చూసి నేర్చుకున్నాను. అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి, జుట్టు నెరవడం మొదలయ్యాక. పల్లెల్లో ఇల్లు లేనివాళ్ళకు ఇళ్ళు కట్టించే ఒక సంస్థకు అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఆఫీసు ఉండేది. వాళ్ళు నన్ను పనిలో పెట్టుకుని, "చదవడం వస్తే సూపర్వైజరు చేస్తాం" అన్నారు. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాడి దగ్గర ఒకటో తరగతి వాచకం కొన్నాను. "ఎవరికమ్మా, మనవడికా?" అన్నాడు. "ఔ" అన్నాను. అప్పటికి నాకు మనవడు లేడు.

మా పద్ధతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మేము కాంట్రాక్టరుకు ఇచ్చేవాళ్ళం కాదు. ఊళ్ళో ఇల్లు లేని కుటుంబాలన్నీ ఒక సంఘంగా చేరాలి. సామాను మాది, మేస్త్రీలు మావాళ్ళు, కష్టం వాళ్ళది. ఇళ్ళన్నీ ఒక్కసారే లేవాలి. అందరి పునాదులూ అయితేనే గోడలు, అందరి గోడలూ అయితేనే స్లాబులు. ఏ ఇల్లు ఎవరిదో చివరిదాకా ఎవరికీ తెలియదు. తలుపులు, కిటికీలు పెట్టి సున్నం వేశాక, బిందెలో చీటీలు వేసి చిన్నపిల్లతో తీయిస్తాం. అప్పటిదాకా ఏ ఇంట్లోనూ ఎవరూ కాలు పెట్టకూడదు.

ఈ నియమం ఊరికే పుట్టలేదు. అంతకుముందు ఒక ఊళ్ళో ఇళ్ళు ముందే పంచాం. తన ఇంటి మీద కప్పు పడ్డవాడు మర్నాటి నుంచి పక్కవాడి గోడకు ఇటుక అందించడం మానేశాడు. చివరికి మగదిక్కు లేని ఆడవాళ్ళ ఇళ్ళు మొండి గోడలతో మిగిలిపోయాయి. వాటి మీద రెండు వానాకాలాలు కురిసి, మట్టికి మట్టి అయిపోయాయి. అప్పుడు పెట్టుకున్నాం ఈ నియమం. "ఏ ఇల్లు ఎవరిదో తెలియకపోతే అన్ని గోడలకూ నీళ్ళు పడతాయి" అని నేను ఊరూరా చెప్పేదాన్ని. ఇప్పటికీ అది నిజమే. అబద్ధమైతే నాకు బాధ తగ్గేది.

ఇక ఆ ఊరు. హైదరాబాదుకు రెండు మూడు గంటల దారి. అక్కడ ఇల్లు లేనివాళ్ళంటే చెట్టు కింద ఉండేవాళ్ళు కాదు, కిరాయికి ఉండేవాళ్ళు. ఒకరి ఇంటి వెనక గది, ఇంకొకరి పశువుల కొట్టం పక్కన వసారా. మొదటి మీటింగులో ఆచారం ప్రకారం ఒక్కొక్కరినీ అడిగాం, ఇల్లు ఎందుకు కావాలని. వాన కురుస్తుందని ఒకరు, పిల్లల చదువని ఒకరు, అత్తతో పడటం లేదని ఒకామె. ముప్పై దాటిన ఒక కూలి మనిషి లేచి, "మా అవ్వ నా ఇంట్ల పోవాలె" అన్నాడు.

అందరూ నవ్వారు. అతని తల్లి, ఆ అవ్వ, అక్కడే కూర్చుని ఉంది. అందరికంటే గట్టిగా ఆమే నవ్వింది. "సూసిన్రా, గీడు ఇల్లు కట్టేదాక నేను సావొద్దంట!"

నవ్వాం గానీ, ఆ మాట ఏమిటో అక్కడ ఉన్న వాళ్ళందరికీ తెలుసు. కిరాయి ఇంట్లో మనిషి పోకూడదు. పోతే ఇంటికి కీడని ఓనరు భయం. చెడు నక్షత్రంలో పోయారా, ఆ ఇంటికి నెలల తరబడి తాళం వేయాలి. అందుకని రోగం ముదిరితే ఓనరు వచ్చి చేతులు జోడిస్తాడు. శవాన్ని రోడ్డు పక్కన టెంటు కింద పెట్టుకున్నవాళ్ళను నేను చూశాను. మా అత్త నాంపల్లిలో పోయినప్పుడు, పెట్టెను దవాఖాన నుంచి నేరుగా చర్చికే తీసుకుపోయాం. మా ఓనరు గేటు దగ్గరే నిలబడి, "ఏమనుకోకమ్మా, ఆడపిల్ల పెళ్ళి పెట్టుకున్నం" అన్నాడు. ఆయనా మా చర్చివాడే. నక్షత్రాలు నమ్మనివాళ్ళకు కూడా కిరాయి ఇల్లనేసరికి నమ్మకం వస్తుంది.

పని మొదలైంది. ఆ అవ్వకు బరువులు ఎత్తే వయసు కాదు. గోడలకు నీళ్ళు కొట్టే పని తీసుకుంది. చెంబుతో ఒక్కొక్క గోడనూ తడిపేది, తడుపుతూ వాటితో మాట్లాడేది. "తాగు బిడ్డా, తాగు. నువ్వు ఎవని గోడవో నాకేం ఎర్క. నా గోడవైతే జర ఎక్కువ తాగు." మా ఇంజనీరు బాబుది కోస్తా నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడిన కుటుంబం. కొత్తగా చేరాడు. ఆమె మాటలు వినడానికే ఆ ఊరు వచ్చేవాడు. "ఏమండీ అవ్వగారూ, నాకూ పోయండి కొంచెం" అనేవాడు. "నీకేమొద్దు, నువ్వు గట్టిపడ్డవ్ తీ" అనేది.

గోడలు లేచాయి, స్లాబులు పడ్డాయి. అవ్వకు కడుపులో నొప్పి మొదలైంది. ముందు ఊళ్ళో ఆర్‌ఎంపీ, తర్వాత మండలం దవాఖాన, చివరికి నాంపల్లి వైపు పెద్ద దవాఖానకు తెచ్చాడు కొడుకు. నేను మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని అబిడ్స్ నుంచి నడిచి పోయి చూసి వచ్చేదాన్ని. అప్పటికి రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేచాయి గానీ, వాటి మీద రైలు ఇంకా రాలేదు.

పోయిన ప్రతిసారీ అవ్వ అడిగేది ఒక్కటే. "స్లాబు కర్రలు తీసిన్రా?"

"తీసినం అవ్వా. తలుపులు ఇంకా పెట్టలే."

"తలుపెందుకే నాకు? ఈ వయసుల లేచిపోతనా?" పక్క మంచం ఆమె కూడా నవ్వింది.

మంచి ఎండాకాలం అది. ఒక పొద్దున ఆఫీసులో ఉండగా కొడుకు ఫోను చేశాడు. "మేస్త్రమ్మా, డాక్టరు ఇంటికి తీస్కపొమ్మన్నడు." ఊళ్ళల్లో నన్ను అందరూ మేస్త్రమ్మా అనే పిలిచేవారు. మంచం ఖాళీ చేయించి అవ్వను వరండాలోకి మార్చారని చెప్పాడు. తర్వాత, "ఏ ఇంటికని అడగలే ఆయిన" అన్నాడు.

అతను కిరాయికి ఉన్న గది ఓనరు అంతకుముందే చెప్పేశాడు, ముసలామె మంచిగైతేనే తీసుకురమ్మని.

నేను పోయేసరికి అవ్వ వరండాలో స్ట్రెచర్ మీద ఉంది. డాక్టరు చిన్నవాడు, మంచివాడు. నన్ను పక్కకు పిలిచి, "ఇయ్యాలో రేపో అమ్మా. గీడ ఉంచుకుని సూదులు పొడిచే బదులు సొంత మనుషుల మధ్యన ఉంటే మంచిది" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఇల్లు ఉండనే ఉంటుంది అనుకున్నాడు.

నేను వెనక్కి ఆఫీసుకు పరుగెత్తాను. మా పెద్దసారు, సంస్థ పెట్టినాయన, మధ్యలో ఒక్కమాట కూడా అడ్డం రాకుండా విన్నాడు. మొండి గోడలతో కూలిపోయిన ఆ పాత ఊరు ఆయనకూ గుర్తే. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "నేను నియమం తీసేసి ఇంట్లో పెట్టించగలను. కానీ ఆ ఇంట్లో రేపు ఉండాల్సింది నేను కాదు. సంఘం ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు, వాళ్ళనే అడగండి" అన్నాడు.

సంఘం పెద్ద ఒక ఆడమనిషి. భర్త లేడు, ముగ్గురు పిల్లలు. ఆ ఊళ్ళో అందరికంటే ఎక్కువ ఇటుకలు మోసింది ఆమే. ఫోను చేసి, స్పీకరులో పెట్టి చెప్పాను. అవతల ఆడవాళ్ళు గుమిగూడిన చప్పుడు వినిపించింది.

"ఏ ఇల్లు మేస్త్రమ్మా? గా ఒక్కటి చెప్పు" అంది.

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే ఎవల్దో ఒకల్దే గద. నాకు రావొచ్చు గద అది. చెడు నచ్చత్రంల పాణం పోతే ఆరు నెల్లు తాళమేయాలె. నా పోరలను యాడ పెట్టాలె నేను? ఇప్పుడున్న కొట్టం గుడ ఖాళీ చెయ్యమన్నరు."

"అట్లయితే ఇవాళనే చీటీలు తీద్దాం. ఎవరి ఇల్లు వాళ్ళకు తెలిసిపోతది. అతనికి వచ్చిన ఇంట్ల అవ్వను పెట్టుకుంటడు."

"తలుపుల్లేవు, కిటికీల్లేవు, నేల పని గాలే. ఇయ్యాల చీటీలు తీస్తే రేపటిసంది ఎవల ఇంటికాడ వాళ్ళే ఉంటరు. నాలాంటిదాని ఇంటికి తలుపు ఎవరు పెడ్తరు? నువ్వే చెప్పినవ్ గద మేస్త్రమ్మా, గా ఊరి ముచ్చట. మగోడు లేనోళ్ళ గోడలు కూలినయని."

నేనే చెప్పాను. ఎన్నిసార్లో చెప్పాను, అందరూ ఏడ్చేటట్టు చెప్పాను.

పక్కనే ఉండి అంతా వింటున్న ఇంజనీరు బాబు నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. "అమ్మా, చివర మూల మీద ఇల్లుంది కదండీ, అది ఆయనకే ఇచ్చేద్దామండీ, చీటీ లేకుండానే. అందరూ సంతకాలు పెట్టేద్దాం" అన్నాడు.

"సారూ, మూలకున్న ఇంటికి పక్కకు జాగ ఎక్కువుంది. గా ఇల్లు అందరికీ కావాలె. ఇయ్యాల గిట్ల ఇస్తే, రేపు ఇంకొకడు వాళ్ళయ్యను మంచమేసి పండబెడ్తడు." ఆ మాట అన్నాక, తనే మళ్ళీ అంది. "నేను రాయిని కాను సారూ. నేనే గద ఆ అవ్వకు నీళ్ళు తోడిచ్చింది. గట్ల అడగకున్రి నన్ను."

ఫోను పెట్టేశాక ఇంజనీరు బాబు బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. తను గీసిన ప్లాను గోడ మీదే ఉంది. అన్ని ఇళ్ళూ ఒక్కలాగే ఉన్నాయి అందులో.

నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆఫీసులో వెనక ఒక చిన్న గది ఉంది, పాత సామాను పెట్టుకునేది. ఊడ్చి చాప వేస్తే సరిపోతుంది. మా ఇంటికే తీసుకుపోదును గానీ, అదీ కిరాయే, ఆ ఓనరు సంగతి చెప్పాను కదా. ఆఫీసు బిల్డింగు యజమాని కింద బట్టల దుకాణంలో కూర్చుంటాడు. దిగిపోయి అడిగాను. గజం కర్ర పక్కన పెట్టి, నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"పైన మీరు చేసే పనేంది అమ్మా?"

"ఇళ్ళు కట్టిస్తం."

"మరి మీరు కట్టిచ్చిన ఇండ్లల్లకే తీస్కపోన్రి. ఇన్ని ఇండ్లు కట్టిచ్చి, ముసలామెను సావనీకి నా దుకాణం మీదికి తెస్తరా?"

కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. నేను మెట్లెక్కి వచ్చేశాను.

మా జీపు డ్రైవరు ఎప్పుడూ నోరు మూయనివాడు. నేను సీటు సరిచేసుకునేలోగా కుళ్ళు జోకులు నాలుగు వేసేవాడు. ఆ రోజు ఒక్కమాటే అన్నాడు. "అమ్మా, నడువున్రి. యాడికో తర్వాత సోంచాయిద్దాం. ముందుగాల దవాఖానకాడికెళ్ళి లేపుదాం ఆమెను." అవ్వను వెనక సీటు మీద పడుకోబెట్టాం. తల కొడుకు ఒళ్ళో ఉంది. నాంపల్లి సిగ్నలు దగ్గర బండి ఆగితే, కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆమె ముఖం మీద పడింది. డ్రైవరు తన చేతి రుమాలు తీసి అద్దానికి అడ్డం పెట్టి, ఒంటిచేత్తో బండి నడిపాడు సిటీ దాటేదాకా.

దారిలో కొడుకు నన్ను అడగలేదు, సంఘం ఏమందని. నా ముఖం చూసి తెలుసుకున్నాడు.

ఊరు చేరేసరికి మధ్యాహ్నం. అందరూ అక్కడే ఉన్నారు. రెండు వరసల ఇళ్ళు, ఎండకు తెల్లగా మెరుస్తున్న స్లాబులు, తలుపుల్లేని గుమ్మాలు. ఒక్కొక్క గుమ్మం ముందు ఒకరో ఇద్దరో నిలబడి ఉన్నారు. కావాలని నిలబడలేదు, నీడ అక్కడే ఉంది. కానీ జీపు దిగేవాళ్ళకు కాపలా కాస్తున్నట్టు కనిపించింది. రమ్మన్నవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళూ లేరు.

కొడుకు తల్లిని రెండు చేతులమీద ఎత్తుకున్నాడు. బరువేమీ లేదు ఆమె. ఆ వరసల మధ్యనుంచి నడుచుకుంటూ పోయాడు. ఒక్క ఇంటి వైపు కూడా తల తిప్పలేదు. అన్ని గోడలకూ అతను ఇటుకలు పేర్చాడు, అన్ని గోడలకూ ఆమె నీళ్ళు పోసింది. చివర సిమెంటు బస్తాలు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది, పని కాగానే పీకేసేది. దాని ముందు ఆగి, "గిది ఎవ్వల్దీ కాదు గద" అన్నాడు. ఎవరిని అడిగాడో తెలియదు. ఎవరూ జవాబు చెప్పకముందే లోపలికి పోయాడు.

రేకులు ముట్టుకుంటే చెయ్యి కాలేటట్టు ఉన్నాయి. లోపల సిమెంటు వాసన, దుమ్ము. అప్పుడు కదిలింది ఊరు. సంఘం పెద్ద తను ఉంటున్న కొట్టంలోంచి చాప తెచ్చి పరిచి, కొంగు నోట్లో కుక్కుకుని మూలకు నిలబడింది. మగవాళ్ళు ఖాళీ గోనె సంచులు తడిపి రేకుల మీద పరిచారు. గోడలు తడపడానికి తొట్టిలో ఉన్న నీళ్ళన్నీ బిందెలతో మోసి ఆ రేకుల మీద పోశారు. పోసిన నీళ్ళు పోసినట్టే ఆవిరైపోయాయి. అయినా పోస్తూనే ఉన్నారు. చిన్నా పెద్దా అందరూ పోశారు. ఆ రోజు అక్కడ రాతి గుండె మనిషిని ఒక్కరినీ నేను చూడలేదు. ఇల్లు ఇచ్చిన మనిషినీ చూడలేదు.

కొంతసేపటికి అవ్వ కళ్ళు తెరిచింది. పైకి చూసింది, పక్కకు చూసింది.

"గిదేనారా మనిల్లు?"

"ఔ అవ్వా. గిదే."

"ఉడుకపోస్తుంది రా."

"కొత్తిల్లు గట్లనే ఉంటది అవ్వా. రెండు దినాలైతె సల్లబడ్తది."

"ఊఁ" అంది. ఆ షెడ్డు ఆమెకు తెలియనిది కాదు. రోజూ పని అయ్యాక తన చెంబును ఆ బస్తాల వెనకే దాచిపెట్టేది. తెలియక అడిగిందో, కొడుకు కోసం తెలిసే అడిగిందో, అది మాత్రం నాకు అంతుచిక్కలేదు. పొద్దు వాలకముందే పోయింది.

మర్నాడు అయ్యగారు వచ్చి పంచాంగం చూశాడు. నక్షత్రం మంచిదేనన్నాడు. ఏ దోషమూ లేదు, ఏ ఇంట్లో పోయి ఉన్నా తాళం వేయాల్సిన పని ఉండేది కాదని చెప్పాడు. ఆ మాట విన్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

పని పూర్తయింది. తలుపులు పెట్టారు, సున్నం వేశారు. కొడుకు ఒక్క రోజు కూడా పని మానలేదు. చీటీలు తీసిన రోజు అందరిలాగే వరసలో నిలబడ్డాడు, మధ్యలో ఒక ఇల్లు వచ్చింది. రేకుల షెడ్డు పీకి, తర్వాతి ఊరికి లారీలో పంపాం.

ఆ తర్వాత ఆఫీసులో పెద్ద చర్చే జరిగింది. నేను గొంతు చించుకుంటే, ఇకమీదట ప్రతి ఊళ్ళో ముందు ఒక గది కట్టాలని, అది ఎవరి పేరునా ఉండకూడదని ఒప్పుకున్నారు. ప్లానులో దాని పేరు కమ్యూనిటీ హాలు. చావడానికి గది అంటే విరాళం ఎవరిస్తారు అన్నాడు పెద్దసారు. అదీ నిజమే. కొన్ని ఊళ్ళల్లో దాంట్లో పెళ్ళిళ్ళు చేస్తున్నారు, ఒక ఊళ్ళో వడ్లు పోసుకున్నారు. రెండు మూడు చోట్ల మాత్రం, ఎందుకు కట్టామో అందుకే వాడారు. ఆ రెండు మూడూ చాలు నాకు.

మీరు నన్ను అడుగుతారు, మరి ఆ నియమం మంచిదా చెడ్డదా అని. ఆ ఊళ్ళో ఒక్క ఇల్లు కూడా మొండి గోడలతో మిగలలేదు. సంఘం పెద్ద ఇంటికి తలుపు పెట్టింది కూడా ఆ కొడుకే. ఇంతకంటే నాకు చెప్పడం రాదు.

రిటైరయ్యాక ఒక ఎండాకాలం అటువైపు పోతూ ఆ ఊళ్ళో దిగాను. మధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా లేదు. అతని ఇంటి తలుపు తెరిచి ఉంది. లోపల పిల్లలు ఫ్యాను కింద పడుకుని ఉన్నారు. అతను మాత్రం బయట అరుగు మీద, సగం ఎండలో, తువ్వాలు ముఖం మీద కప్పుకుని పడుకున్నాడు. భార్య నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "ఏం చెప్పాలె మేస్త్రమ్మా, ఎండకాలమంత గాడనే పంటడు. ఎంత చెప్పినా లోపలికి రాడు."

నేను పోయి తువ్వాలు లాగాను. "ఏందిరా గిది? లోపలికి పోయి పండుకో. మనం కట్టిన గోడలే గద. ఎంత సల్లగుందో లోపల."

లేచి కూర్చున్నాడు. నన్ను చూసి నవ్వాడు కూడా. "ఔ మేస్త్రమ్మా. సల్లగుంటది."

తువ్వాలు మళ్ళీ నా చేతిలోంచి తీసుకున్నాడు.

"గందుకే."